ఫణిగిరి పాలరాయి



ఈ యేటి మహాసభా సంచికకు చరిత్రవిషయమున నొక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, వా రెదురుచూచినది బహుశః వంశోత్పత్తి ప్రకరణమై యుండును. మన సంచికలలో నట్టి వ్యాసములకు కొఱత లేదు. విశ్వకర్మ పంచముఖములనుండి మొదలుపెట్టి గోత్రప్రవరలతో ముగించు వ్యాసములను నేనును ముప్పదియేండ్లు చదివితిని. ఆ వ్యాసములలో శిల్పి గలడు, శాస్త్రము గలదు. రాయి మాత్రము కనబడదు. ఆ రా యెక్కడ పుట్టినది, ఎవరు తవ్విరి, ఏ బండిమీద వచ్చినది, దానికి మూల్య మెవ్వ రిచ్చిరి అను ప్రశ్నలను మనవా రడిగినట్లు లేదు. కావున నీసారి రాతిని గూర్చి వ్రాయుచున్నాను. నా వ్యాసమునకు విషయము తిరుమలగిరి ప్రాంతమున దొరకిన పాలరాయి.

తిరుమలగిరికి సమీపమున ఫణిగిరి యను గ్రామము గలదు. పూర్వ మది నల్లగొండ జిల్లాలో తిరుమలగిరి మండలమున జేరినది. 2016 లో జిల్లాలు విడిపోయిన తరువాత సూర్యాపేట జిల్లాలోని నాగారము మండలమున జేరినది. ఊరిప్రక్క కొండ పడగ విప్పిన పామువలె నుండుటచే దానికి ఫణిగిరి యను పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ పేరు శుద్ధ సంస్కృతము. పండితు డెవడో పెట్టినదే గాని పల్లెప్రజల నోట పుట్టినది కాదు. కొండకు దాపున బిక్కేరు పాఱుచున్నది. అది మూసిలో కలియును, మూసి వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. ఈ నీటిదారిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తిరుమలగిరి, నాగారము, వర్ధమానుకోట, గాజులబండ, అర్వపల్లి మొదలగు గ్రామములలోను బౌద్ధావశేషములు గనబడినవి. అనగా నిది యొంటరిగా నిలిచిన యొక మఠము గాదు. దాదాపు పదునేడు శతాబ్దముల క్రిందట నీ మెట్టనేలలో నొక ధర్మసంఘము, దాని ననుసరించి యొక వర్తకమార్గము విలసిల్లినవని తెలియుచున్నది.

ఫణిగిరి కొండపై మహాస్తూపము, చైత్యగృహములు, భిక్షువుల విహారములు, స్తంభములతో గూడిన మండపము బయల్పడినవి. నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు 1941 మొదలు 1944 వఱకు ఖ్వాజా మహమ్మదు అహమ్మదుగారి యాధ్వర్యమున తొలుత తవ్విరి. తరువాత చిరకాలమా కొండ నెవ్వరును పట్టించుకొనలేదు. మరల 2001 నుండి తవ్వకములు సాగి తోరణశిలలు వెలువడినవి. వానిపై సిద్ధార్థుని మహాభినిష్క్రమణము, జాతకకథలు, పూజింపబడుచున్న తలపాగా మొదలగునవి రెండువైపులను చెక్కబడియున్నవి. సాంచీలో తోరణములు నిలిచియున్నవి గాని దక్షిణాపథమున నట్టి తోరణశిలలు దొరకుట మిక్కిలి యరుదు. 2023 లో న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియమువారు ప్రాచీన బౌద్ధశిల్పములను ప్రదర్శించినప్పుడు ఫణిగిరి శిల్పములు సముద్రము దాటి యచ్చటికి బోయినవి. మన పిల్లలలో ఫణిగిరి చూడనివా రెందఱో గలరు, అమెరికావారు చూచిరి.

ఇక రాతి సంగతి. అమరావతి శిల్పములను దొరలు 'మార్బుల్సు' అనిరి. మనవారు 'అమరావతి పాలరాళ్లు' అనిరి. ఆ పేరే ఫణిగిరి శిల్పములకును లోకవ్యవహారమున పట్టినది. శాస్త్రదృష్టితో చూచిన నది పాలరాయి కాదు, సున్నపురాయి. సున్నపురాయి భూగర్భమున తాపముచేతను ఒత్తిడిచేతను రూపుమాఱి స్ఫటికములుగా నేర్పడినప్పుడే పాలరా యగును. రాజస్థానమునందలి మక్రానా రాయి యట్టిది. కృష్ణాతీరపు రాయి యంత మార్పు పొందలేదు. అది పొరలుపొరలుగా నుండును, లేతయాకుపచ్చ, బూడిద, తెలుపు వన్నెలలో దొరకును. మన యిండ్లలో నేలకు పఱచు మాచర్ల నాపరాయి దానికి దగ్గఱి చుట్టము. పేరు తప్పైనను వాడుకను మార్చుట నా తరము కాదు గనుక నేనును శీర్షికలో 'పాలరాయి' యనియే వ్రాసితిని.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఫణిగిరి నల్లరాతి కొండ. తిరుమలగిరి చుట్టుప్రక్కల నెచ్చట తవ్వినను గట్టి కణశిలయే, నేటివారు గ్రానైటనునదే, తగులును. సున్నపురాయి నల్లగొండ సీమకు దక్షిణపుటంచున, కృష్ణ కిరువైపుల, హుజూరునగరము, మట్టంపల్లి, దామరచెర్ల మొదలుకొని యావలియొడ్డున పల్నాడు వఱకు వ్యాపించియున్నది. కాళ్లక్రింద కొండంత రాయి యుండగా, ఎన్నో యామడల దూరమునుండి వేఱొక రాతిని తెప్పించి స్తూపమునకు తాపడము చేయవలసిన యగత్య మేమి? చరిత్రకారులు శిల్పశైలిని గూర్చి గ్రంథములు వ్రాసిరి గాని, పనివాని కన్నుతో చూచిన నీ ప్రశ్నయే ముందు తోచును.

సమాధానము ఉలిలో నున్నది. రాళ్ల కాఠిన్యమును శాస్త్రజ్ఞులు పది మెట్లుగా లెక్కింతురు. సున్నపురాతిలోని ఖనిజము మూడవ మెట్టు. కణశిలలోని స్ఫటికము ఏడవ మెట్టు. సున్నపురాతిపై ఉలి మెత్తగా దిగును. కంటిఱెప్ప, ముత్యపుసరము, ఏనుగుతొండపు ముడుత యంతయు అంగుళము లోతులో చెక్కవచ్చును. పొరలుగా నుండుటచే గనిలోనే పలకలుగా లేచి వచ్చును; ఱంపముతో పనిలేదు, మేకులు దిగగొట్టి సమ్మెటతో కొట్టిన చాలును. కణశిలలో నదే పనికి ఎన్నో రెట్లు కాలము పట్టును, ఉలిమొనలు మాటిమాటికి కొలిమికి పోవలెను. కావున దూరమునుండి తెచ్చిన బండికూలి యంతయు చెక్కుడుపనిలో మిగిలెడి దినములచే తీఱిపోవుచుండెను. ఏ రాయి చవుక యన్నది గనియొద్ద తేలునది కాదు, పని ముగిసిన తరువాత తేలునది. మన పూర్వులకు లెక్క తెలియదని తలచువారు దీనిని గమనింపవలెను.

రాయి యే దారిని వచ్చినదో చెప్పు శాసనము లేదు. ఐనను కృష్ణనుండి మూసి, మూసినుండి బిక్కేరు పట్టి వచ్చు లోయ సహజమైన బాట. ఎడ్లకు నీరు, మేత దారిపొడుగున దొరకును. ఎండకాలమున పంటలేని దినములలో రైతుల బండ్లు ఖాళీగా నుండును. ఆ బండ్లే రాతిని మోసియుండునని నా యూహ. అట్లైన నొక స్తూపము కట్టుట యనగా కొన్నియేండ్లపాటు నదీతీరమునుండి ఫణిగిరివఱకు గల గ్రామములన్నిటికి వేసవికూలి దొరకుట. గనిలో తవ్వువాడు, బండివాడు, మేకులు చేయు కమ్మరి, చెక్కు శిల్పి, సున్నము కాల్చువాడు, వీరందఱికి కూడుపెట్టు రైతు — ఒక రాయి చుట్టు నింతమంది తిరిగిరి.

దీనికి సొమ్మెక్కడిది? 2024 మార్చి నెలాఖరున ఫణిగిరి తవ్వకములో నొక మట్టికుండ దొరకినది. దానిలో 3,730 సీసపు నాణెములున్నవి. ఒకప్రక్క ఏనుగు, రెండవప్రక్క ఉజ్జయినీ చిహ్నము. ఇక్ష్వాకు రాజులనాటివని పురావస్తుశాఖవారు నిర్ణయించిరి. బంగారునాణెము ధనికుని పెట్టెలో నిదురించును. సీసపునాణెము చిల్లర, చేతులు మాఱునది, సంతలో దినుసు కొనుటకు, కూలి చెల్లించుటకు పనికివచ్చునది. మెట్టపొలముల నడుమనున్న మఠమున నింత చిల్లర యొకచోట నుండుట చూడగా, ఇచ్చట ధాన్యపు మార్పిడితోపాటు నాణెముల వ్యవహారమును విరివిగా నడచినదని తెలియుచున్నది.

దాతలను గూర్చి శాసనములు చెప్పుచున్నవి. ఫణిగిరిలోనే ఇక్ష్వాకు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమున నొక అగ్రభిషజుడు, అనగా ముఖ్యవైద్యుడు, ధర్మచక్రస్తంభమును నిలిపెను. ఆ శాసనమున పద్యరూపమైన భాగము గలదు. రుద్రపురుషదత్తు డా వంశమున కడపటి రాజు. ఆతడంతకాలము పాలించెనన్న సంగతియే యీ కొండమీది శాసనమువలన తెలిసినది. నాగార్జునకొండలో వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున మహాచైత్యమును కట్టించినది రాజుగారి మేనత్త చాంతిశ్రీ. రాజులు యజ్ఞములు చేసిరి. రాణులును రాజబంధువులగు స్త్రీలును స్తూపములు కట్టించిరి. ఒకే యింట రెండుధర్మము లట్లు నడచినవి.

ఇప్పుడు మనకు ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. అదే వీరపురుషదత్తుని 14వ సంవత్సరమున నాగార్జునకొండలో బోధిశ్రీ యను ఉపాసిక తామ్రపర్ణి, అనగా సింహళద్వీపపు, స్థవిరులకొఱకు చైత్యగృహమును కట్టించెను. శాసనము దీర్ఘమైనది. కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిడాది దేశముల పేళ్లన్నియు నందు వచ్చును. ఆమె బంధువుల పేళ్లును వచ్చును. పని చేయించిన ముగ్గురు స్థవిరులు చంద్రముఖుడు, ధర్మనంది, నాగుడు. అన్నిటికిని చివర, ప్రాకృతమున నొక చిన్న వాక్యము గలదు: ఇది 'సేలవఢకి' విధికుని పని యని. సేలవఢకి యనగా సంస్కృతమున శైలవర్ధకి, రాతిపనివాడు. వర్ధకి శబ్దమునుండియే హిందీలో వడ్రంగికి 'బఢయీ' యను మాట వచ్చినది. మన వడ్రంగి శబ్దమునకును దీనితో చుట్టఱికము గలదని నా తలంపు. స్థవిరులు, దేశదేశములు గల శాసనమున నొక రాతిపనివాని పేరు నిలిచినది. ఆ వాక్యము చదివిననాడు నా మనస్సున కలిగిన భావమును మాటలలో పెట్టలేను.

విధికుడు పని చేసినవాడు. దాత యైన పనివాడును గలడు. కోదాడకు తూర్పున జగ్గయ్యపేట గలదు. దాని పూర్వనామము బేతవోలు. అచ్చటి స్తూపమును 1882 లో బర్గెసుదొర పరిశోధించెను. వీరపురుషదత్తుని 20వ సంవత్సరమున వేలగిరి గ్రామపు మహాచైత్యపు తూర్పుద్వారమున ఐదు ఆయకస్తంభములను నిలిపినది రాజుగాదు, వర్తకుడుగాదు. నాకచంద్రుడను 'ఆవేసని' కుమారుడగు 'ఆవేసని' సిద్ధార్థుడు. ఆవేసని యనగా కర్మశాలకు పెద్ద, మేస్త్రి. సాంచీ దక్షిణతోరణమున శాతకర్ణిరాజు పనివారలలో ఆవేసని యగు ఆనందుని దానము గలదు, అదే పదము. తండ్రియు కొడుకును ఒకే వృత్తి, ఆ వృత్తివలన వచ్చిన ధనముతో ఐదు స్తంభములు దానమిచ్చు శక్తి. స్తంభమొకటి యెంత బరువో, ఎంత కూలియో తెలిసినవారికి దీని విలువ తెలియును. అమరావతిలో 'చమ్మకార' విధికుడను వేఱొకడు, తోలుపనివాడు, తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో గూడి పూర్ణఘటము చెక్కిన పలకను సమర్పించెను. ఆ పలకయు శ్రేష్ఠుల పలకలయు ఒకే స్తూపమున నిలిచినవి.

ఈ విధికుని, సిద్ధార్థుని మన కూటస్థులుగా చాటవలెనని మిత్రులు కొందఱు నాకు చెప్పిరి. నాకు సమ్మతము గాదు. శాసనము వృత్తిని చెప్పినది, కులమును చెప్పలేదు. పదునేడు శతాబ్దముల దూరమున నున్నవానికి మన గోత్రము తగిలించుటకు మనకు సాక్ష్యము లేదు. మఱియొక సంగతి: గనిలో దిగి రాతిని లేపినవా రెవరు? నేటికాలమున నా పని వడ్డెరలది. సమ్మెట పట్టిన చేయి లేనిదే ఉలి పట్టిన చేతికి పనిలేదు. శిల్పిపేరు శాసనమున నొక్కచోటనైన మిగిలినది. రాయి తవ్వినవాని పేరు వ్రాయవలెనని ఆనాడును ఎవ్వరికిని తోచలేదు. మన సంచికలో మన గొప్ప వ్రాసికొనునప్పు డీ యప్పును మఱవరాదు.

ఇక్ష్వాకుల తరువాత స్తూపములకు దాతలు తగ్గిరి, గనులు మూతపడినవి. కాకతీయులనాటికి మన సీమశిల్పులు వేఱొక రాతికి మఱలిరి. సూర్యాపేటయొద్ద పిల్లలమఱ్ఱిలో రేచెర్ల రెడ్డినాయకులు కట్టించిన గుడుల స్తంభములు అద్దమువలె మెఱయు నల్లరాయి. ఆ రాయి యీ ప్రాంతపు కణశిలల నడుమ గోడలవలె చొచ్చుకొని యుండును, దూరము పోనక్కఱలేదు. పనియో మహాకష్టము. ఆనాటి ఉక్కు మేలైనదగుటచే నది సాధ్యమైనది.

పాడుపడిన స్తూపముల సున్నపురాయికి పట్టిన గతి చెప్పుటకు నోరు రాదు. సున్నపురాతిని బట్టీలో కాల్చిన సున్నమగును. ఎవని యూరిలో పాతదిబ్బ గలదో వానికది తవ్వకుండ దొరకిన గని. అమరావతిలో 1797 లో మెకంజీదొర చూచిన శిల్పములలో చాలభాగము ఆయన 1816 లో మరల వచ్చునప్పటికి లేవు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు రాజధానిని చింతపల్లినుండి అమరావతికి మార్చి పట్టణము కట్టుచుండగా, రాళ్లు మెట్లకును గోడలకును పోయినవి, దిబ్బ నడుమ చెఱువు తవ్విరి. సున్నపుబట్టీకి పోయినవాని లెక్క యెవరు చెప్పగలరు? వేంకటాద్రినాయుడుగారు మహాదాత, ఆయన కది రాళ్లదిబ్బయే గాని వేఱుగాదు. దొరలును తక్కువవారు కారు. 1845 లో ఎలియటుదొర తవ్వించి మదరాసు పంపిన రాళ్లు చాలకాలము ఎండకు వానకు పడియుండి 1859 లో లండనుకు పోయినవి. 1880 లో గవర్నరు డ్యూకుగారి యాజ్ఞచే దిబ్బనంతయు నొక్కమాఱు శుభ్రముచేయగా స్తూపపు కట్టడ మేవిధముగా నుండెడిదో తెలియు గుర్తులు కూడ పోయినవి. ఒకరు ఎఱుగక చెఱచిరి, ఒకరు ఎఱిగి చెఱచిరి.

ఫణిగిరి మారుమూల నుండుటచే కొంత మేలు పొందినది. 2019 లో నచ్చట గచ్చుతో చేసిన నిలువెత్తు బోధిసత్త్వమూర్తి వెలువడినది. గచ్చనగా మరల సున్నమే. ఒకే పదార్థమును ఆనాటివారు రాయిగా చెక్కిరి, కాల్చి ముద్దగా మలచిరి.

నాగార్జునకొండ చరిత్ర చాలమంది యెఱిగినదే. 1926 లో రంగస్వామి సరస్వతిగారు గుర్తించిరి; లాంగ్‌హరస్టుదొర 1927 నుండి 1931 వఱకు తవ్వించెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగకముందు ఆర్. సుబ్రహ్మణ్యముగారు 1954 నుండి 1960 వఱకు తవ్వించి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించిరి. మన నల్లగొండ యొడ్డున నున్న ఏలేశ్వరము జలగర్భమున కలసినది. ఆనకట్ట రాతికట్టడము, దానికి కావలసిన సిమెంటు యీ సున్నపుసీమ భాగ్యమును మార్చినది. 1958 లో మాచర్లలో కె.సి.పి. వారి కర్మాగారము వెలసెను. తరువాత వాడపల్లియొద్ద విష్ణుపురమున బి.వి. రాజుగారు రాశీ సిమెంటు స్థాపించిరి. అది 1998 లో ఇండియా సిమెంట్సువారి వశమయ్యెను. మట్టంపల్లి, మేళ్లచెర్వు, చింతలపాలెము మండలములలో వరుసగా కర్మాగారములు లేచినవి. చాంతిశ్రీకి పలకలనిచ్చిన పొరలే నేడు పొడియై, 1,450 డిగ్రీల వేడిలో కాలి, బస్తాలలో హైదరాబాదు చేరుచున్నవి. ఆ నగరము కట్టుబడిలో కొంతభాగ మీ పొరలనుండియే లేచుచున్నది.

దీనివలన సీమకు వచ్చున దేమి? ఒక టన్ను సిమెంటునకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావలెను. 2014 లో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన రాజస్వము ఆ రాతికి టన్నుకు 80 రూపాయలు. అనగా టన్ను సిమెంటునకు 120 రూపాయలు, ఇరువది బస్తాలకు పంచిన బస్తా కొక్కింటికి 6 రూపాయలు. ఇది రాష్ట్ర ఖజానాకు పోవును. 2015 లో వచ్చిన చట్టసవరణ ననుసరించి, అంతకుముందు పొందిన గనులవారు రాజస్వములో నూటికి 30 వంతున జిల్లా ఖనిజనిధికి చెల్లింపవలెను. అది బస్తాకు ఒక రూపాయి ఎనుబది పైసలు. వేలములో పొందిన గనులవారికి నూటికి 10 వంతే గనుక అఱువది పైసలు. తవ్విన రాయి మరల పుట్టదు; దుమ్ము తినువాడు, బావి యెండినవాడు, పొలమిచ్చినవాడు ఆ యూరివాడే. కర్మాగారములు వద్దనుట నా యుద్దేశము కాదు. వానివలన వేలకుటుంబములు బ్రతుకుచున్నవి, కఱవుసీమలో నది చిన్నమాట కాదు. కాని ఆ రూపాయి ఎనుబది పైసలు ఏ యూరికి, ఏ పనికి వచ్చినవో అడుగు హక్కు ఆ యూరివారికి గలదు. ఆ లెక్క జిల్లాకేంద్రమున నుండును.

సభవారికి నా మనవులు రెండు. ప్రతి సంవత్సరము మనము చేయు తీర్మానములలో ఖనిజనిధి లెక్కలను గ్రామసభలలో చదివి వినిపింపవలెనను తీర్మానమును, వడ్డెర సంఘమువారితో గూడి, ఈసారి చేర్పవలెను. రెండవది: సభకు వచ్చిన యువకులను ఒకదినము తిరుమలగిరినుండి ఫణిగిరికి తీసికొనిపోవలెను. ఉదయముననే కొండ యెక్కిన మేలు. ఎండ యేటవాలుగా పడునప్పుడు ఉలిగుర్తులు స్పష్టముగా కనబడును. శాసనముల ప్రాకృతపాఠములను, వానికి సంస్కృతచ్ఛాయతోడను తెలుగు తాత్పర్యముతోడను, నేను వ్రాసియుంచితిని. కోరినవారికి ప్రతి నకలు చేసి యిచ్చెదను.